ఎదురు స్టూడియో మామ

మా ఎదురు స్టూడియో మామ పోయాడని నాకు టీ అంగడి ఆమె చెప్పింది. పొద్దున షట్టరు ఎత్తుతున్నాను. ఆమె గ్లాసులు కడుగుతూనే తల ఎత్తి, “మీ మామ పోయినాడంట, నీకు తెలుసునా?” అంది. ఏ మామ అని నేను అడగలేదు. మార్కాపురంలో నేను రోజూ మామా అని పిలిచే మనిషి ఆయనొక్కడే. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. నా స్టూడియోకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క ఆయన స్టూడియో ఉండేది, అంతే.

డెబ్బై దాటిన మనిషి. పొద్దున్నే లేచి, మంచినీళ్ళు తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడట. మళ్ళీ లేవలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నేనూ అదే అన్నాను.

మధ్యాహ్నం వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఫ్లెక్సీ వేయించడానికి నాయన ఫొటో కావాలన్నాడు. “ఇల్లంతా ఎదికినాం అన్నా. ఆధార్ కార్డు మీద ఉండేది తప్ప ఇంకోటి లేదు. నా పెండ్లి ఆల్బం చూసినా. అందరూ ఉన్నారు. ఈయన కెమెరా ఎనక ఉన్నాడు.”

నా దగ్గర ఒకటి ఉంది. నేను స్టూడియో తెరిచిన రోజున తీసింది. కంప్యూటర్లో వెతికి పట్టుకున్నాను. అది మంచి ఫొటో కాదు. పంపేముందు కొంచెం బాగుచేద్దామా అని పావుగంట మౌసు పట్టుకొని కూర్చున్నాను. ఆయన ఒప్పుకొనేవాడు కాదు. ఉన్నదున్నట్టే పంపాను.

ఆ ఫొటో సంగతి చెప్పాలి. నేను ఆరేళ్ళు విజయవాడలో పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి, రెండు పెద్ద ఫ్లాష్ లైట్లు, రెండు సాఫ్ట్‌బాక్సులు కొనుక్కొని సొంతూరు వచ్చాను. సాఫ్ట్‌బాక్సు అంటే లైటుకు తొడిగే పెద్ద గుడ్డ పెట్టె. ముందర తెల్లగుడ్డ ఉంటుంది, వెలుగు దాంట్లోంచి పరుచుకొని మెత్తగా వస్తుంది. అప్పటికి మా వీధిలో అలాంటివి ఎవరి దగ్గరా లేవు. నాకు గది మాత్రం ఆయన పాత స్టూడియోకు సరిగ్గా ఎదురుగా దొరికింది. పెద్దాయన గొడవ పెట్టుకుంటాడేమోనని భయపడ్డాను. తెరిచిన రోజు పదిగంటలకు ఆయనే రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో టెంకాయ. వాకిట్లో కొట్టి, లోపలికి వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు.

“ఏందల్లుడా చూస్తావు? మొదటి బోణీ నాది. తీయి.”

చెరొక పక్కా ఒక సాఫ్ట్‌బాక్సు పెట్టి, రెండూ సమానంగా కొట్టి తీశాను. ప్రింటు చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

“బాగుంది. ముక్కు ఏడబోయింది?”

పరాచికం అనుకొని నవ్వాను. ఆయన నవ్వలేదు. “రెండు పక్కలా సమానంగా కొడితే నీడ యాడుంటది? నీడ లేకుంటే ముక్కుండదు, అల్లుడా” అని ప్రింటు జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు. ముఖం నిజంగానే పలకలాగా చదునుగా వచ్చింది. అది ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ముసలాయనకు అసూయ అని చెప్పుకు తిరిగాను. ఆయన మాత్రం ఎదురుపడితే “తిన్నావా” అని అడిగేవాడు. జనం నా దగ్గరికే ఎక్కువ వచ్చేవాళ్ళు. ఎందుకంటే నేను తెల్లగా చేసి ఇచ్చేవాణ్ణి. ఫొటో తీసేది రెండు నిమిషాలు, కంప్యూటర్లో ముఖం కడిగేది ఇరవై నిమిషాలు. మచ్చలు తీసేసి, రంగు పెంచి, దవడ సన్నం చేసి ఇస్తే ఎవరూ కాదనలేదు.

రెండో ఏడు ఒకమ్మాయి వచ్చింది. పుల్లలచెరువు అవతల ఊరు. గొర్రెలు కాసుకొనే ఇల్లు. డిగ్రీ చదివి, ఒక ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. చామనఛాయ కన్నా నలుపు. ఎడమ కనుబొమ్మను రెండుగా కోసినట్టు ఒక గాటు. మా పక్క బోరునీళ్ళు తాగినవాళ్ళ పళ్ళ మీద ఉండే గోధుమరంగు చారలు ఆమెకూ ఉన్నాయి కాబట్టి నోరు గట్టిగా మూసుకొని కూర్చుంది. నా రెండు లైట్లూ వెలిగించి తీశాను. తర్వాత రంగు నాలుగు మెట్లు పెంచాను. కనుబొమ్మ అతికించాను. ప్రింటు చూసి ఆమె, “ఇది నేనేనా అన్నా?” అంది. మెచ్చుకోలు అనుకున్నాను. దరఖాస్తుకు అదే ఫొటో పెట్టాను.

నాలుగైదు నెలలకు వాళ్ళ నాయనను వెంటబెట్టుకొని వచ్చింది. రాతపరీక్ష గట్టెక్కింది. సర్టిఫికెట్లు చూసే రోజున ఒంగోలు ఆఫీసువాళ్ళు ఫొటోను, ఆమెను మార్చి మార్చి చూసి ఫైలు పక్కన పెట్టేశారట. ఈమె పేరు మీద ఇంకెవరో పరీక్ష రాశారని వాళ్ళ అనుమానం. కాదని రుజువు చూపించడానికి వారం గడువిచ్చారు.

ఆ నాయన కోపం చేసుకోలేదు. మెట్ల మీదే నిలబడి, నేనిచ్చిన ప్రింటు నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

“ఇది నా బిడ్డ కాదంట సార్. తీసినోడివి నువ్వే గదా. నువ్వు చెప్పు. ఎవురీమె?”

కంప్యూటర్లో వెతికాను. దిద్దకముందు ఫొటో లేదు. దాని మీదే దిద్ది, దాని మీదే సేవ్ చేసి, కెమెరా కార్డు ఖాళీ చేసేశాను. ఇంకొకటి ఊరికే తీసిస్తానన్నాను.

“ఇంకోటి తీస్తే ఏం లాభమన్నా?” అంది ఆ అమ్మాయి. “దానికీ దీనికీ పోలిక ఉండొద్దా? అప్పుడు ఇద్దరయితాం.”

ఆ మాటలు రోడ్డు అవతలికి వినబడ్డాయి. మామ వచ్చాడు. ప్రింటు తీసుకొని చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు. తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాను.

“అమ్మా, నీ పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తులేం రాసినారు?” అని అడిగాడు.

“ఎడమ కనుబొమ్మ మీద గాటు అని ఉంది పెద్దనాయనా.”

“సరే అయితే. రా, కూచుందువు గాని.” నా వైపు తిరిగి, “నువ్వు గూడ రా. రేపు పొద్దున్నే ఒంగోలు బస్సు” అన్నాడు.

“నేనెందుకు మామా?”

“నువ్వు చేసింది నువ్వు గాక ఎవరు చెప్తారు?”

ఆయన స్టూడియో లోపలికి నేను అడుగుపెట్టడం అదే మొదలు. పది అడుగుల వెడల్పు గది, కప్పు తక్కువ ఎత్తు. ఒక పెద్ద లైటు, దాని ముందు గొడుగుకు గుచ్చిన తెల్లగుడ్డ. నేల మీద చిన్న లైటొకటి. గోడకు ఆనించి ఒక థర్మాకోల్ షీటు, అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి. అంతకుమించి ఏమీ లేదు. లైటు వేస్తాడేమో అనుకుంటే వేయలేదు. ముందు ఆమెను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, తాగేదాకా చూశాడు. నాకు తర్వాత వందసార్లు చెప్పిన మాట అప్పుడు మొదటిసారి చెప్పాడు: “ముందు మనిషిని కూచోబెట్టు, తర్వాత లైటు పెట్టు.”

ఆమె స్టూలును వెనక తెర నుంచి నాలుగడుగులు ముందుకు జరిపాడు. తెరకు అంటుకొని కూర్చుంటే తల నీడ తెర మీద పడుతుందట. తర్వాత తన పిడికిలి బిగించి ఆమె ముఖానికి పక్కన, అంతే ఎత్తున పట్టుకొని, రెండో చేత్తో లైటు స్టాండు జరుపుతూ పిడికిలి మీద నీడ ఎటు పోతుందో చూసుకున్నాడు. లైటు ఆమె కళ్ళకన్నా కొంచెం పైన, ఎడమ పక్కకు వచ్చి ఆగింది. మరీ ఎదురుగా కాదు, మరీ పక్కగా కాదు. ముక్కు నీడ కుడి చెంప మీదికి జారింది, పెదవిని తాకలేదు. కుడి పక్క కుర్చీ మీద థర్మాకోల్ నిలబెట్టి, ఆ నీడ మరీ నల్లగా కాకుండా ఒక జానెడు దగ్గరికి నెట్టాడు.

“ఈ పక్కనుంచి కొడితే మచ్చ కనపడుతుంది గదా పెద్దనాయనా” అంది ఆమె.

“కనపడాల. ఆడ వాళ్ళు చూడాల్సింది అదే. నువ్వని చెప్పేది అదొక్కటే గదా ఇప్పుడు.”

నేనైతే ఆ రంగుకు లైటు ఇంకా పెంచేవాణ్ణి. అదే మాట అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నల్లటి ముఖానికి లైటు ఎక్కువ చేస్తే రంగు పాలిపోతుంది గాని ముఖం కనపడదన్నాడు. లైటును ఇంకొంచెం పక్కకు లాగాడు. అప్పుడు చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద సన్నగా మెరుపు వచ్చింది. పౌడరు అడిగితే వద్దని, నుదుటి మీద చెమట మాత్రం తువ్వాలుతో అద్దుకోమన్నాడు.

“తెల్లగ చేసేది వేరే, వెలుగు పెట్టేది వేరే అల్లుడా” అన్నాడు నాతో. కెమెరా పట్టుకొని ఆమెను అడిగాడు: “ఆ గాటు ఎట్ల పడింది?”

“చిన్నప్పుడు పొట్టేలు పొడిసింది.”

“దాన్నేం చేసినారు?”

“నాయన ఆ వారమే సంతకు తోలినాడు. నేను మూడు రోజులు అన్నం తినలే.”

“నిన్ను పొడిసిన పొట్టేలు కోసమా?”

ఆమె నవ్వింది. చారల పళ్ళతో సహా, పూర్తిగా. ఆయన నొక్కాడు. తర్వాత ఫారానికి పనికొచ్చేలా నోరు మూయించి ఇంకొకటి తీశాడు. మొదటిది ఆమెకు ఊరికే ఇచ్చాడు. ఆ రెండు ఫొటోల్లోనూ ఉన్నది ఆమే.

మరునాడు ఒంగోలులో మేం నలుగురం బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. తర్వాత లోపలికి పిలిచారు. మామ నా వెనక నిలబడ్డాడు గాని ఒక్క మాట సాయం చేయలేదు. నేనే చెప్పాను. ఈ ఫొటో తీసింది నేను, రంగు మార్చింది నేను, గాటు చెరిపేసింది నేను, ఆ అమ్మాయి తప్పేమీ లేదు అని.

ఆఫీసరమ్మ అడిగింది: “ఎందుకు చేశావు?”

“బాగుంటుందని మేడమ్.”

“ఆమె అడిగిందా?”

“లేదు మేడమ్.”

రాసి సంతకం పెట్టమంది. పెట్టాను, స్టూడియో ముద్ర కూడా వేశాను. మామ తీసిన ఫొటోను ఆఫీసరమ్మ పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టి, గుర్తుల వరుస మీద వేలుంచి చదువుకుంది. ఫొటోలో గాటు చూసింది. ఎదురుగా నిలబడ్డ ముఖం చూసింది. తర్వాత ఆ అమ్మాయి చేత పది వరుసలు రాయించి, వేలిముద్ర తీసుకొని, పరీక్ష రోజువాటితో సరిచూస్తామంది. పదిహేను రోజులకు కాగితం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఆమె ఇప్పుడు కురిచేడు దగ్గర పనిచేస్తోంది. మామ చనిపోయిన రోజు వాళ్ళ నాయనతో కలిసి వచ్చి వెళ్ళింది.

ఆ రోజు ఒంగోలు నుంచి తిరుగు బస్సులో మామ పక్కన కూర్చొని అడిగాను. “నన్నొక మాట గూడ అనలేదేంది మామా?”

“తిట్టింటే నువ్వు బస్సు ఎక్కేటోడివి కాదు” అని, తువ్వాలు ముఖం మీద కప్పుకొని పొదిలి దాకా నిద్రపోయాడు.

ఆ వారం ఒక పక్క సాఫ్ట్‌బాక్సు విప్పి మడిచి అటక మీద పెట్టాను. బేరాలు లేని మధ్యాహ్నాలు రోడ్డు దాటి వెళ్ళి కూర్చొనేవాణ్ణి. ఆయన పాఠాలని చెప్పలేదు. పని చేస్తూ గొణిగేవాడు. కళ్ళద్దాల హెడ్మాస్టరు గారొకరు వస్తే, అద్దాల మీద లైటు తళుక్కు రాకుండా స్టాండు పైకెత్తి, అద్దాల కాడలను చెవుల మీద వెంట్రుకవాసి లేపాడు. పలకల ఫ్యాక్టరీ నుంచి గుర్తింపు కార్డులకు ఒకేసారి పన్నెండు మంది వస్తే, కనురెప్పల మీద దుమ్ము తుడవకుండానే తీయమన్నవాళ్ళను బయట కుళాయి దగ్గరికి పంపాడు. ఒక్కొక్కరికీ లైటు కొత్తగా సర్దాడు. గుండ్రటి ముఖానికి పక్కకు, బక్క ముఖానికి ముందుకు, లోతు కళ్ళవాళ్ళకు కిందికి. నేను అందరికీ ఒకటే సరిపోతుంది కదా అంటే, “అందరూ ఒకమ్మకు పుట్టినారా?” అన్నాడు.

ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకతను గిద్దలూరు నుంచి వచ్చి, ఉద్యోగాల సైట్లో పెట్టుకోవడానికి కోటుతో ఫొటో కావాలన్నాడు. నా దగ్గర కూర్చొని తనే లైట్ల పద్ధతుల పేర్లు ఇంగ్లీషులో చెప్పాడు. నాకూ కొన్ని తెలియవు. మామను పిలిచాను. ఆయన ఆ పేర్లన్నీ ఓపిగ్గా విని, ఒక్క లైటు, ఒక్క థర్మాకోలుతో అబ్బాయి అడిగినదే తీసి ఇచ్చాడు. “పేరేదయినా వెలుగు ఒక పక్కనుంచే గదా వచ్చేది” అన్నాడు. అందరితోనూ మాట కలిపేది మాత్రం ఒకటే దారి: “మీ పక్క బోరు ఎన్నడుగుల్లో పడింది?” ఆ ప్రశ్నకు మా ప్రాంతంలో ఎవరూ బిగదీసుకొని కూర్చోలేరు.

ఆయన గొప్పవాడని చెప్పడం లేదు. మొండివాడు. ఫొటో దిద్దమన్నవాళ్ళను దిద్దనని పంపేసేవాడు, కొందరు తిట్టుకుంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకొని ప్రింటు అడిగితే ముఖం ముడుచుకొనేవాడు. కొత్త ఎల్ఈడీ లైట్లు వచ్చాక, “వీటికి సెగ లేదల్లుడా. చేతికి తగలకుంటే యాడ పెట్టినానో ఎట్ల తెలుస్తది?” అని నెల రోజులు సణిగాడు. కొడుకుతో కూడా ఈ విషయంలో మాటలు పడ్డాడు.

చివరి మూడేళ్ళు కళ్ళు మసకబారాయి. ఒంగోలులో ఆపరేషన్ చేయించుకున్నా మునుపటి చూపు రాలేదు. ఒకరోజు నేను చూస్తుండగా ఫోకస్ తప్పాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ తప్పాడు. కూర్చున్న మనిషికి క్షమాపణ చెప్పి, చేయి పట్టుకొని రోడ్డు దాటించి నా దగ్గర కూర్చోబెట్టాడు. మరుసటి రోజు షట్టరు ఎత్తలేదు. లైట్లు దోర్నాలలో శ్రీశైలం యాత్రికులకు ఫొటోలు తీసే ఒకతనికి ఇచ్చేశాడు. నాకు చెప్పనైనా చెప్పలేదు. అడిగితే, “నీకు ఉండేవే ఎక్కువ” అన్నాడు. నాకు బాధ వేసింది. కానీ ఆ మాట నిజమే.

తర్వాత రోజూ పదకొండింటికి నా స్టూడియోకు వచ్చి మూల కుర్చీలో కూర్చొనేవాడు. వచ్చినవాళ్ళ ముఖాలు ఆయనకు సరిగా కనపడేవి కావు. అయినా మాటను బట్టి, “ఈయన కొంచెం ఎత్తు గదా, లైటు లేపు” అనేవాడు. ఎక్కువసార్లు సరిగ్గానే ఉండేది. ఒక్కోసారి తప్పయ్యేది. తప్పయినప్పుడు నేను చెప్పలేదు. లేపినట్టు స్టాండు చప్పుడు చేసి, ఉన్నచోటే ఉంచేవాణ్ణి. అది ఆయనకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దదినం కర్మ అయిన నాలుగో రోజు అత్త వచ్చింది. మామ భార్యను నేను అత్తా అనే పిలుస్తాను. పింఛను ఆమె పేరు మీదికి మార్చడానికి ఫొటో కావాలట. కొడుకు మెట్ల దగ్గర దింపి, వార్డు సచివాలయంలో కాగితాల పని చూసుకొస్తానని వెళ్ళాడు. ఆమెను కూర్చోమన్నాను. ఇంకా ఏమీ చెప్పకముందే భుజాలు ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం దించి, కదలకుండా కూర్చుంది. లైటు వేశాను.

“ఇంకొంచెం దించు నాయనా. నా కండ్లు లోపలికుంటాయి” అంది.

ఆమె చెప్పింది సరైనదే. “నీకెట్ల తెలుసు అత్తా?”

“ముప్పై యేండ్లు కూచున్నా గదా. కొత్త లైటు తెచ్చినా, బల్బు మార్చినా, ఎవురన్నా పెద్దోళ్ళు ఫొటోకు వస్తారన్నా, ముందు నన్ను కూచోబెట్టి చూసుకునేటోడు. ఎసరు పెట్టి వచ్చి కూచునేదాన్ని. అన్నం పొంగిపోయేది.”

“మరి ఆ ఫొటోలన్నీ యాడున్నాయి?”

“ఫొటోలేడివి నాయనా? రీలు దండగని నొక్కేటోడు కాదు. లైటు కుదిరిందా, ఇంక పో అనేటోడు.” లైటు వైపు చూసింది. “కండ్లు చెదురుతాయని మూసుకోమనేటోడు. నేను చెప్తే తెరువు అనేటోడు.”

అలా అంటూనే ఆమె కళ్ళు మూసుకుంది. నేను స్టాండు దించాను. ముక్కు నీడ చెంప మీదికి వచ్చి, పెదవిని తాకకుండా ఆగింది. కెమెరా ఎత్తాను. ఫ్యాను ఆపేశాను గనక గదిలో చప్పుడు లేదు. వెలుగు ఆమె మూసిన రెప్పల మీద పడుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని, తెరవమని చెప్పే మాట కోసం ఆమె కూర్చొని ఉంది.